ఊరి హోటళ్ల మీద అభిమానం: వంట విద్యార్థి అక్కడ నేర్చుకోవలసినదేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు కాకినాడలో పుట్టి పెరిగి, ప్రస్తుతం హైదరాబాదులో పాకశాస్త్రం రెండో ఏడాది చదువుతున్నారు. మీకు ఆదర్శమైన షెఫ్ ఎవరని తరగతిలో అడిగినప్పుడు తోటివారంతా విదేశీ పేర్లో, టీవీలో కనిపించే పేర్లో చెబితే, మీరు సుబ్బయ్యగారి హోటల్ వంటవారు, కాజా దుకాణాల మేస్త్రీలు, మీ వైపు పెళ్లిళ్లకు వండే బృందాలు అని చెప్పారు, కొందరు నవ్వారు. ఈ అభిమానానికి విలువ ఉందా, ఉంటే దాన్ని చివరి ఏడాది ప్రాజెక్టుగానూ ఆ తరువాత ఉద్యోగంలో పనికొచ్చే విద్యగానూ ఎలా మలచుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా హోటళ్ల వంటశాలల్లో, అందులోనూ ఎక్కువగా బాంక్వెట్ విభాగంలో, అంటే పెద్ద విందులు చూసుకునే విభాగంలో, పనిచేస్తున్నాను. గోదావరి జిల్లాల పెళ్లి వంట బృందాలతో కలిసి పని చేయవలసిన సందర్భాలు నాకు తరచుగా వస్తుంటాయి. ఆ అనుభవం మీదనే ఈ సమాధానం.

విలువ తప్పకుండా ఉంది. అయితే మీరు ఆరాధిస్తున్నది దేనినో ముందుగా తేల్చుకోవాలి. మీ ప్రశ్నలో చేతి చలవ, ఆ రుచి ఇంకెక్కడా రాదు వంటి మాటలు పదే పదే వచ్చాయి. తిని లేచినవారు ఆ మాటలు అనడంలో తప్పు లేదు. వంట నేర్చుకునేవారికి మాత్రం అవి చాలవు, ఎందుకంటే అంతా చేతి చలవే అని ఒప్పుకున్న తరువాత అడగడానికి మరో ప్రశ్న మిగలదు. నా దృష్టిలో మీ ఊరి హోటళ్ల అసలు ఘనత ఏమిటంటే, పగలు పదకొండున్నరకు మొదటి బంతిలో కూర్చున్నవారికీ మూడు గంటలకు చివరి బంతిలో కూర్చున్నవారికీ అదే పప్పు, అదే చారు, అదే పొగలు కక్కే అన్నం విస్తట్లో పడటం. ఒక మనిషికి ఒక పూట అద్భుతంగా వండిపెట్టగలవారు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. వందల మందికి రోజూ ఒకే తీరుగా, గిట్టుబాటయ్యే ధరకు, ఏళ్ల తరబడి వండిపెట్టగలవారు చాలా అరుదు. రుచి వెనుక ఉన్న ఈ ఏర్పాటును చూడటం నేర్చుకుంటే మీ అభిమానమే మీకు చదువవుతుంది.

సుబ్బయ్యగారి హోటల్‌నే తీసుకుందాం. అరిటాకు శాకాహార భోజనం, కొసరి కొసరి వడ్డించే మర్యాద, ఇంటికి పట్టుకెళ్లే బుట్ట భోజనం అంటే ఆంధ్రదేశంలో దాదాపు అందరికీ తెలుసు. ఇప్పుడు హైదరాబాదులో కూడా ఆ పేరుతో శాఖలు ఉన్నాయి కనుక మీరు వారాంతంలో కూడా వెళ్లి చూడవచ్చు. ఈసారి తినడానికి కాకుండా లెక్క చూడటానికి వెళ్లండి. విస్తట్లో పడిన పదార్థాలను రుచిని బట్టి కాక, పొయ్యి మీద నుంచి దించాక ఎంతసేపు నిలుస్తాయన్న దానిని బట్టి విడదీసి చూడండి. ఊరగాయలు, పొడులు, రోటి పచ్చళ్లు, పులిహోర, పులుసు నిలిచే కొద్దీ బాగుపడేవి, లేదా కనీసం చెడనివి. పప్పు, చారు కొంతసేపు ఓర్చుకునేవి. అన్నం, వేపుడు, అప్పడం, గారె, బూరె నిమిషాల మీద నీరసించిపోయేవి. సంప్రదాయ భోజనంలో పదార్థాల జాబితా చూడటానికి ఎంత పొడవుగా ఉన్నా, చివరి నిమిషంలో చేయవలసినవి అందులో నాలుగైదుకు మించవు. వంటశాలలో ఉన్న కొద్దిపాటి పొయ్యిలూ, కొద్దిమంది మనుషులూ ఆ నాలుగైదింటి మీదే దృష్టి పెట్టగలుగుతారు. మీరు రేపు ఏ నక్షత్రాల హోటల్లోనైనా బాంక్వెట్ మెనూ రాయవలసి వస్తే చేయవలసిన మొదటి పని ఈ విభజనే. చాలామంది యువ షెఫ్‌లు రాసే మెనూలు కాగితం మీద అందంగా ఉండి, వడ్డన వేళకు కూలిపోవడానికి కారణం అన్నీ చివరి నిమిషపు వంటకాలే కావడం.

పప్పు సంగతి కూడా గమనించదగ్గదే. మంచి భోజన హోటళ్లలో పప్పును పెద్ద గుండిగలో ఒకేసారి ఉడికించుకున్నా, తిరగమోత మాత్రం విడతలు విడతలుగా, బంతి బంతికీ పెడతారు. ఇంగువ, ఎండుమిరప, కరివేపాకు వాసన ఎక్కువసేపు నిలవదు; ఉడికిన పప్పు నిలుస్తుంది. అంటే నిలిచేదాన్ని ముందే చేసి, నిలవనిదాన్ని చివరికి ఉంచుకున్నారన్న మాట. మీ పాఠంలో మీజాన్‌ప్లాస్ అని నేర్పేది దీన్నే. మొదటి బంతిలో ఒకసారి, చివరి బంతిలో ఒకసారి కూర్చుని రెండు పప్పుల వాసనా పోల్చి చూస్తే ఎక్కడ ఈ పద్ధతి పాటిస్తున్నారో, ఎక్కడ పాటించడం లేదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

అన్నం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హోటల్ మేనేజ్‌మెంట్ చదువులో అన్నానికి దొరికే గౌరవం చాలా తక్కువ. మీ జిల్లాల పొలాల్లో ఎక్కువగా కనిపించే స్వర్ణ అనే ఎంటీయూ 7029 రకం పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధనా స్థానం నుంచి 1982లో వచ్చింది. సాంబమసూరి అని పిలిచే బీపీటీ 5204 బాపట్ల నుంచి 1986లో విడుదలైంది. భోజన హోటల్ నడిపేవారు బియ్యం రకం ఎంత జాగ్రత్తగా చూస్తారో, పాతబడటం అంతకంటే జాగ్రత్తగా చూస్తారు. కొత్త బియ్యం ముద్ద కడతాయి. నిల్వ ఉన్న బియ్యం ఎక్కువ నీళ్లు తాగి, మెతుకు మెతుకుగా విడివడి, ఒదుగు ఎక్కువ ఇస్తాయి. కిలో బియ్యానికి ఎంత అన్నం అయిందన్నది అక్కడ రుచికీ లాభానికీ కలిపి ఒకే కొలమానం. మీరు ప్రాజెక్టులో చేయగలిగిన అతి సులువైన, అతి విలువైన పని ఇది: ఒకే రకం బియ్యంలో కొత్తవీ, ఆరు నెలలవీ, ఏడాదివీ తెచ్చి, నీళ్లు, కాలం, దిగిన అన్నం బరువు, గంట తరువాత అన్నం తీరు కొలిచి పట్టిక వేయండి. ఆ తరువాత ఏ హోటల్ వంటవారి దగ్గరకైనా ఆ కాగితం పట్టుకుని వెళితే మీతో మాట్లాడే తీరే మారుతుంది.

పెద్ద పాత్రలో వండటానికీ చిన్న పాత్రలో వండటానికీ ఉన్న తేడా చాలామందికి లెక్కల తేడాగా మాత్రమే కనిపిస్తుంది. పది మందికి సరిపడే కొలతలను ఇరవైతో గుణిస్తే రెండు వందల మందికి సరిపోతుందని విద్యార్థులు అనుకుంటారు; సరిపోదు. పాత్ర పెద్దదయ్యే కొద్దీ, ఉన్న నీటితో పోలిస్తే ఆవిరయ్యే నీరు తగ్గుతుంది కనుక నీళ్లు అదే నిష్పత్తిలో పెంచకూడదు. తిరగమోత నూనె, ఇంగువ, లవంగం వంటివి కూడా అదే నిష్పత్తిలో పెరగవు. అన్నిటికంటే ముఖ్యంగా, గుండిగెడు పదార్థం పొయ్యి దించాక కూడా తన వేడికి తానే ఉడుకుతూనే ఉంటుంది. అందుకే పెళ్లి వంటవారు అన్నాన్ని ఒక పలుకు ఉండగానే వార్చి, చాపల మీదకో వెదురు గంపల్లోకో గుమ్మరించి రాశి పోస్తారు. గుండిగలోనే వదిలేస్తే అడుగున ఉన్నది పైబరువుకూ, ఆ వేడికీ ముద్దయిపోతుంది. ఈ కిటుకును తరగతిలో క్యారీఓవర్ కుకింగ్ అనే పేరుతో మాంసం ముక్కకు అన్వయించి చెబుతారు. మీ ఊరి మేస్త్రీకి ఆ పేరు తెలియదు, ఆయన దాన్ని రెండు బస్తాల బియ్యానికి అన్వయిస్తున్నాడు.

ఇప్పుడు ఒక వంటకాన్ని దగ్గర నుంచి చూద్దాం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర గోదావరి జిల్లాల విందుల్లో తప్పనిసరి. పాలు కారే లేత పనసకాయను, కత్తికీ చేతులకూ నూనె రాసుకుని, తొక్క చెక్కి సన్నగా పొట్టులా కొట్టడమే ఒక విద్య. మీ ఊరి బజారులోనే కొట్టి అమ్మేవారి దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండు పులుపుతో పోపులో మగ్గిస్తారు. ఆవ ముద్ద మాత్రం కూర దించి, వేడి కొంత తగ్గాక కలుపుతారు. ఎందుకని అడిగితే చేదెక్కుతుందనో, అలా చేయకూడదనో సమాధానం వస్తుంది. అసలు కారణం ఆవగింజలోనే ఉంది. గింజ చితికి చన్నీళ్లు తగిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి, ముక్కుకు ఎక్కే ఘాటు నూనెను పుట్టిస్తుంది. వేడి నీళ్లతో నూరితే ఆ ఎంజైము చచ్చిపోయి ఘాటు పుట్టనే పుట్టదు. ఉడుకుతున్న కూరలో వేస్తే పుట్టిన ఘాటు ఆవిరైపోతుంది. అవే ఆవాలు పోపులో చిటపటలాడినప్పుడు ఘాటు లేకుండా కమ్మగా ఉండటానికి కూడా ఇదే కారణం. ఒకే కూరలో ఒకే గింజను రెండు విధాలుగా వాడి రెండు వేర్వేరు రుచులు రాబట్టడం అంటే అది ఏ దేశపు వంటశాలలోనైనా మెచ్చుకోదగిన పనితనం. ప్రాక్టికల్ పరీక్షలో ఈ కూర చేసి, పక్కన ఈ కారణం రాసిపెట్టండి. మీ మాటకు నవ్వినవారు కూడా ఆ కాగితం చదువుతారు.

కాజా విషయానికి వస్తే, మీ ఊరి గొట్టం కాజాను, మండపేట దగ్గరి తాపేశ్వరం మడత కాజాను ఒకే గాటన కట్టేవారు చాలామంది ఉన్నారు. సాంకేతికంగా అవి రెండు వేర్వేరు మిఠాయిలు. పోలిశెట్టి సత్తిరాజుగారి పేరుతో ముడిపడిన తాపేశ్వరం కాజా పొరల మిఠాయి. మైదా పిండిని పలచగా సాగదీసి, నేతి పూత పూసి, చుట్టి, ముక్కలుగా కోసి, అదిమి వేయిస్తారు. పిండి పొరల మధ్య కొవ్వు నిలిచి, వేడికి పొరలు విడిపోవడం అనే సూత్రం పఫ్ పేస్ట్రీలో ఉన్నదే. కాకపోతే పేస్ట్రీ ఓవెన్‌లో పొంగుతుంది, కాజా నూనెలో సన్నని సెగ మీద పొర విప్పుకుంటుంది. సెగ ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా మిగిలి, పొరలు అతుక్కునే ఉంటాయి.

కోటయ్యగారి కాజాగా పేరు పడిన కాకినాడ గొట్టం కాజా సంగతి వేరు. అక్కడ పొరలు ముఖ్యం కాదు, బోలు ముఖ్యం. నానిన పిండిని గొట్టంలా చేసి, ముందు తక్కువ వేడి నూనెలో నెమ్మదిగా ఉబ్బనిచ్చి, తరువాత పైపొర గట్టిపడేలా వేయించి, వేడి మీదే పాకంలోకి దించుతారు. గొట్టం లోపల నిండి ఉన్న ఆవిరి చల్లబడి నీరుగా మారినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, పాకాన్ని లోపలికి లాక్కుంటుంది. కొరికితే పాకం నోట్లోకి చిప్పిల్లడం వెనుక జరిగేది ఇదే. పాకం లేతదైతే పైపొర నాని మెత్తబడుతుంది. ముదిరితే లోపలికి ఎక్కదు, పైనే చక్కెర పేరుకుంటుంది. తీగపాకం అంటే సుమారు 106 నుంచి 112 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మేస్త్రీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగే తీగను చూసి ఆ కొద్ది డిగ్రీల తేడాను పట్టుకుంటాడు. మీరు చేయవలసింది థర్మామీటరు తీసుకెళ్లి ఆయన్ను పరీక్షించడం కాదు. ఆయన "దింపెయ్" అన్న ప్రతిసారీ అంకె రాసుకోవడం. వర్షాకాలంలో ఒక అంకె, ఎండాకాలంలో మరో అంకె వస్తే ఆశ్చర్యపోకండి. గాలిలో తేమ ఉన్నప్పుడు పాకాన్ని ఒక పిసరు ముదరనివ్వడం మిఠాయి మేస్త్రీలు మామూలుగా చేసే సర్దుబాటే.

పెళ్లి వంట బృందాలను మీరు మూడో స్థానంలో చెప్పారు. నేనైతే మొదటి స్థానంలో పెడతాను. 19వ శతాబ్దం చివర లండన్ సవాయ్ హోటల్లో ఫ్రెంచ్ షెఫ్ ఎస్కోఫియే తీర్చిదిద్దిన బ్రిగేడ్ పద్ధతిని మీకు తొలి ఏడాదిలోనే నేర్పి ఉంటారు: సాస్‌లకు ఒకరు, వేపుళ్లకు ఒకరు, చల్లటి పదార్థాలకు ఒకరు, అందరి మీదా ఒక షెఫ్. గోదావరి వైపు పెళ్లిలో గాడిపొయ్యి దగ్గర నిలబడి చూస్తే అదే విభజన కనిపిస్తుంది. మేస్త్రీ ఒకరు, పొయ్యి చూసుకునేవారు, పిండివంటలవారు, కూరలు తరిగేవారు, వడ్డన పురమాయించేవారు. తేడా ఏమిటంటే, సవాయ్ హోటల్‌కు గోడలు, నీటి కుళాయిలు, సరుకుల గది ఉన్నాయి. ఈ బృందం ప్రతిసారీ ఖాళీ స్థలంలో గొయ్యి తవ్వుకుని వంటశాలను కొత్తగా నిర్మించుకుంటుంది. మంట తగ్గించాలంటే తిప్పడానికి మీట ఉండదు, కట్టె వెనక్కి లాగాలి. ఇప్పుడు గ్యాసు భట్టీలు చాలావరకు వచ్చేసినా కట్టెల సెగ మీద పనిచేసినవారు ఇంకా ఉన్నారు, వారు ఉండగానే చూడండి.

ఆ మేస్త్రీల దగ్గర నేర్చుకోవలసిన ప్రధాన విద్య వండటం కంటే సరుకుల చిట్టా చెప్పడం. ఎన్ని విస్తళ్లు లేస్తాయని అడిగి, పగలు పెళ్లా రాత్రి పెళ్లా, ఏ ఊరివారు, మగపెళ్లివారు ఎంత దూరం నుంచి వస్తున్నారు అని మరో రెండు మూడు ప్రశ్నలు వేసి, బియ్యం నుంచి కరివేపాకు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఒకే విందుకు, అంటే అయిదు వందల విస్తళ్లకు అనుకుందాం, వేర్వేరు మేస్త్రీల చేత చిట్టాలు చెప్పించుకుని, వాటిని మీ కళాశాల ప్రామాణిక కొలతలతో తలసరి లెక్క వేసి పోల్చండి. తేడాలు ఉన్న ప్రతి చోటా ఒక కారణం ఉంటుంది: రాత్రి విందులో అన్నం తగ్గుతుంది, పెరుగు ఖర్చు మారుతుంది, స్వీటు రెండు రకాలైతే ఏదీ పూర్తిగా లేవదు. నాకు తెలిసినంతలో మన భాషలో ఇలాంటి పోలిక పట్టికలు చాలా తక్కువ. ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి అంశం నేను సూచించలేను.

అన్నం పెట్టడంలో మీ జిల్లాలకు ఉన్న పేరు కొత్తది కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు, 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆ ఇల్లాలు, వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండిపెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. మీ ఊరి హోటళ్లలో వడ్డించేవారు "ఇంకొంచెం వేసుకోండి" అని బతిమాలడంలో ఆ సంస్కారం ఉందని అనుకోవడం నాకు ఇష్టమే. అయినా వృత్తిలో ఉన్నవారిగా మనం ఆ బతిమాలడం వల్ల విస్తట్లో మిగిలిపోయేది ఎంతో కూడా తూచాలి.

పులస గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు కనుక ఒక్క మాట. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత ఉన్న ఆ చేప వర్షాకాలపు వరదకు సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతూ వస్తుంది. దొరికేది కొద్ది వారాలే, ధర సామాన్యులకు అందదు. విద్యార్థి ప్రాజెక్టుకు అది పనికిరాదు. మట్టి దాకలో చేపల పులుసు మర్నాటికి ఎందుకు రుచి పెరుగుతుందో తెలుసుకోవాలంటే మామూలు బొచ్చెతో చేసినా తెలుస్తుంది.

ఇక మీకు అంతగా రుచించని భాగం. అభిమానించేవారిలో లోపాలు చూడకూడదనుకుంటే మీరు అక్కడ అతిథిగా మిగిలిపోతారు. మన ఊరి వంటశాలల్లో బలహీనతలు ఉన్నాయి, వాటిలో కొన్ని ప్రమాదకరమైనవి. రాశి పోసిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది విడుదల చేసిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీలకు పైన ఉంచాలి, లేదా త్వరగా చల్లార్చాలి, మధ్యలో వదలకూడదు. మిఠాయి బాణళ్లలో నూనెను మళ్లీ మళ్లీ కాచడం మరొకటి. నూనె పదే పదే కాగినప్పుడు పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన మన దేశంలో 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. దాన్ని కొలిచే చిన్న పరికరం మీ కళాశాల ప్రయోగశాలలో ఉండే అవకాశం ఉంది. మేస్త్రీ దగ్గర మీరు నేర్చుకుంటున్నదానికి బదులుగా ఇవ్వగలిగినది ఇలాంటి విషయాల్లోనే ఉంది. అయితే చెప్పే పద్ధతి ఒకటుంది. నలుగురిలో చెప్పకండి, పని అయిపోయి ఆయన కూర్చుని టీ తాగుతున్నప్పుడు, "మాకు కళాశాలలో ఇలా చెప్పారండి, మీరేమంటారు" అని అడగండి.

ఇంకో లోపం వంటకు సంబంధించినది కాదు. ఈ పేరుప్రతిష్ఠలన్నీ హోటల్ పేరు మీదో, యజమాని పేరు మీదో, మేస్త్రీ పేరు మీదో ఉంటాయి. కూరలు తరిగే ఆడవాళ్ల పేర్లు, రుబ్బేవారి పేర్లు ఎక్కడా కనబడవు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే అది ఆ ప్రాంతపు ప్రత్యేకత అన్న అధికారిక ముద్ర, వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని, పలచటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను కుండ మీద పరిచి క్షణంలో లాగి, కాగితం కంటే పలచని రేకును చిరగకుండా తీసేది ఎక్కువగా అక్కడి స్త్రీలే. ఆ మణికట్టు కదలికను ఏ పేస్ట్రీ షెఫ్ అయినా నిలబడి చూడవలసిందే. మీ అభిమాన షెఫ్‌ల జాబితాలో వారెవరూ లేకపోవడం నేను గమనించాను. ప్రాజెక్టులో ప్రతి పద్ధతి పక్కనా అది చూపించిన మనిషి పేరు, వారి అనుమతితో, రాయండి.

రాయడం అన్నాను కనుక, ఎలా రాయాలో తెలియడానికి మీరిప్పుడు ఉన్న ఊరిలోనే ఒక నమూనా ఉంది. 2010లో హైదరాబాదీ హలీముకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నప్పుడు 10 పాళ్ల మాంసానికి 4 పాళ్ల గోధుమలు, స్వచ్ఛమైన నెయ్యి, రాగి పాత్ర, సన్నని సెగ మీద సుమారు 12 గంటల వంట అంటూ ప్రమాణాలు నిర్దేశించారు. ఇలా అంకెల్లో పెడితే రుచి చచ్చిపోతుందని కొందరు మేస్త్రీలు అంటారు, నేను అంగీకరించను. అంకెలు లేకపోవడం వల్లనే ఒక మేస్త్రీ వెళ్లిపోగానే హోటల్ రుచి మారిపోవడం మనం ఊరూరా చూస్తున్నాం. మీ ఊరి గొట్టం కాజాకూ, పనసపొట్టు కూరకూ అలాంటి పత్రం రాయగలిగితే అది ఏ పరీక్ష పత్రానికీ తీసిపోదు. కొలత, ఉష్ణోగ్రత, కాలం రాయండి, వాటితో పాటు రంగు, వాసన, చప్పుడు కూడా రాయండి, ఎందుకంటే మేస్త్రీ నిర్ణయాలు తీసుకునేది వాటిని బట్టే. వీడియో తీయడం మాత్రం చివరి దాకా వాయిదా వేయండి. ఫోను బయటికి తీయగానే పని తీరు మారిపోతుంది, పైగా దుకాణం రహస్యం బజారున పెడతారన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే. ఎవరైనా ఒక పాళ్లు చెప్పి ఇది రాయొద్దు అంటే రాయకండి.

ఉద్యోగం గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. పెద్ద హోటళ్ల ఇంటర్వ్యూల్లో మా ఊరి భోజనం అంటే నాకు ప్రాణం అన్న మాటకు మార్కులు పడవు. అయిదు వందల మందికి ఆంధ్ర భోజనం తలసరి ఖర్చుతో సహా వేయగలను, ఏది ఎన్ని గంటల ముందు మొదలుపెట్టాలో చెప్పగలను, వడ్డన మధ్యలో రెండు వందల మంది ఎక్కువ వస్తే ఏ పదార్థాన్ని సాగదీయవచ్చో, దేన్ని తాకకూడదో చెప్పగలను అన్న మాటకు పడతాయి. ప్రాంతీయ వంటను నిజంగా ఆ ప్రాంతంలో నేర్చుకున్నవారి కోసం బాంక్వెట్ విభాగాలు వెతుకుతుంటాయి. ఇటు విదేశాల్లో, ముఖ్యంగా తెలుగువారు ఎక్కువగా ఉన్న అమెరికా నగరాల్లో, గోదావరి పేరుతోనే రెస్టారెంట్లు నడుస్తున్నాయి. అయితే సాస్‌లు, స్టాకులు, బేకరీ పాఠాలను నిర్లక్ష్యం చేసి ఊరి వంట ఒక్కటే పట్టుకోకండి. పైన నేను చెప్పిన ఎంజైముల మాట, ఒత్తిడి మాట, పొరల మాట ఆ చదువు లేకుండా మీకు కనబడేవి కావు.

చివరగా, ఎప్పుడు వెళ్లాలని అడిగారు. సంక్రాంతి సెలవులు ఖాళీగా ఉంటాయని అప్పుడు వెళ్లకండి. మిఠాయి దుకాణాలకు ఊపిరి సలపని రోజులవి, మీరు అడ్డుగా ఉంటారు. పెళ్లి వంట మేస్త్రీలను ఆషాఢంలో కలవండి. ముహూర్తాలు ఉండవు కనుక ఇంటి దగ్గరే ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు. చిట్టాలు చెప్పించుకోవడానికి అదే అదను. మీకు తెలిసిన పెద్దవారి ద్వారా కబురు పెట్టించుకుని, ఏం చదువుతున్నారో, దేనికి వచ్చారో దాచకుండా చెప్పండి. శ్రావణంలో ముహూర్తాలు మొదలవగానే బృందంతో పాటు రానిమ్మని అడగండి. తరిగే పనిలోనో, అన్నం వార్చే దగ్గరో వేస్తారు. పొయ్యి దగ్గరకు రమ్మని వారంతట వారు పిలిచేదాకా అడగకండి. రోజు కూలి ఇస్తే కాదనకుండా తీసుకోండి. కూలి తీసుకున్నవారికి పని చెబుతారు, తీసుకోనివారికి కుర్చీ వేస్తారు.